నా రెండు టబ్బుల మిషను జోలికి రాకండి

దసరా దగ్గర పడితే మా ఇంటికొచ్చే పేపరు బరువెక్కుతుంది. వార్తలు పెరగవు, మధ్యలో దూర్చే రంగుల కాగితాలు పెరుగుతాయి. ఆ కాగితాల నిండా వాషింగ్ మిషన్లే. పాతది తెచ్చివ్వండి, కొత్తది పట్టుకుపోండి, మిగిలింది నెలనెలా కట్టుకోండి అని. పక్కన ఒక అమ్మాయి మడత నలగని చీర కట్టుకుని, గుండ్రటి అద్దంలో తిరిగే బట్టల్ని చూసి నవ్వుతుంటుంది. బట్టలుతికే రోజు ఇస్త్రీ చీర కట్టే ఆడమనిషిని గద్వాలలో నేనింతవరకు చూడలేదు.

ఆ కాగితం చదివేది నేను కాదు. మా ఆయన చదువుతాడు. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయికి అదే కాగితం ఫోన్లో వస్తుంది, వాడు చదువుతాడు. పండక్కొచ్చిన మరిది చదువుతాడు. చదివి ముగ్గురూ ఒకటే మాట: "ఇంకా ఆ డబ్బా ఎందుకు? తీసేసి ఫుల్లీ ఆటోమేటిక్ తెద్దాం." డబ్బా అంటే 2003లో కొన్న మా రెండు టబ్బుల సెమీ. ఒక టబ్బులో ఉతుకు, ఇంకో టబ్బులో పిండుడు. ఈ 22 ఏళ్లలో ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా దాని మూత తీసి లోపల చెయ్యి పెట్టిన పాపాన పోలేదు. అది పనికి రాకుండా పోయిందని వాళ్లకు ఎట్లా తెలిసిందో మరి.

ఇది మా ఒక్క ఇంటి గొడవైతే ఇక్కడ రాసేదాన్ని కాదు. మొన్న మా వీధిలో వరుసగా మూడిళ్లలో పాత సెమీలు ఆటో ఎక్కి వెళ్లిపోయాయి. మూడిళ్లలోనూ ఆడవాళ్లను అడిగాను. "నాకేం ఇబ్బంది లేకుండె వదినా, వీళ్లే తెచ్చిండ్రు" అన్నారు. అందుకని ఇవాళ కొంచెం కోపంగానే రాస్తున్నాను. పాత వస్తువు మీద మమకారం అని కొట్టిపారేయకండి. తీసెయ్యమనేవాళ్లు చెప్పే కారణాలు ఒక్కొక్కటే ముందు పెట్టుకుని చూద్దాం.

మొదటి మాట, అది పాతకాలపు మిషను అని. నిజమే. రెండు టబ్బుల పద్ధతి యూరపులో 1950, 60లలోనే ఇల్లిల్లూ చేరింది. మన దగ్గర 1980ల చివరి నుంచి టీవీ ప్రకటనల పుణ్యమా అని మధ్యతరగతి ఇళ్లకు పాకింది. అప్పుడు వీడియోకాన్ మిషను ఇంట్లో ఉందంటే పెళ్లిచూపుల్లో కూడా చెప్పుకునేవాళ్లు. ఆ కంపెనీయే 2018లో దివాళా కేసుకెక్కింది. కంపెనీ కూలినా, దాని పాత మిషన్లు ఇంకా కొన్ని ఇళ్ల వెనక వసారాల్లో తిరుగుతూనే ఉన్నాయి. వాటికి సరిపోయే బెల్టులు బజారులో ఇప్పటికీ దొరుకుతున్నాయి.

ఎందుకు తిరుగుతున్నాయంటే, అందులో చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఉతికే టబ్బు అడుగున ఒక చక్రం. దాన్ని తిప్పే మోటారు, మధ్యలో బెల్టు. పిండే టబ్బుకు వేరే మోటారు, దానికో బ్రేకు. గడియారం లాగ చెవి తిప్పే టైమర్లు రెండు. అంతే. మా మిషనుకు ఇన్నేళ్లలో బెల్టు రెండుసార్లు, కెపాసిటర్ ఒకసారి, పిండే టబ్బు కింద రబ్బరు సీలు ఒకసారి మార్చాం. నీళ్లు పోయే పైపు ఎలుక కొరికితే అది ఒకసారి. బాగుచేసే అబ్బాయి స్కూటర్ మీద వస్తాడు, బోర్లా వేసి గంటలో పని ముగించి, టీ తాగి పోతాడు. "అక్కా, ఇది చెడిపోవాలంటే మనమే పనిగట్టుకుని చెడగొట్టాలె" అంటాడు.

కొత్తవాటికి లోపల ఒక బోర్డు ఉంటుంది, మిషను బుర్ర అంతా అందులోనే. కరెంటు హెచ్చుతగ్గులొచ్చినా, వానాకాలం చెమ్మ పట్టినా, బల్లి దూరినా పోయేది ముందు అదే. ఆ బోర్డు మన స్కూటర్ అబ్బాయి బాగుచేయలేడు. ఫోన్ చేయాలి, నంబర్లు నొక్కాలి, పెద్ద ఊరు నుంచి మనిషి రావాలి. మాకు తెలిసిన ఒకావిడ కొత్త మిషను నాలుగో ఏట ఇట్లాగే ఆగిపోయింది. బోర్డు దొరకదు, దొరికినా దాని ధరకు ఇంకొంచెం వేస్తే కొత్తదే వస్తుంది అన్నారట. ఏ కంపెనీ అన్నది వదిలేద్దాం, మాట ఎక్కడైనా ఇదే. కేంద్ర ప్రభుత్వమే 2022లో వినియోగదారులకు బాగుచేయించుకునే హక్కు ఉండాలని కమిటీ వేసి, ఆ డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచింది. కొన్న వస్తువును బాగుచేయించుకోవడానికి హక్కు, కమిటీ, పోర్టల్ కావాల్సి వచ్చిందంటే అమ్మేవాళ్లు ఎంతవరకు వచ్చారో చూడండి. నా డబ్బాకు ఇవేవీ అక్కర్లేదు, ఒక స్క్రూడ్రైవర్ చాలు.

రెండో మాట నీళ్లు. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ముందు తలుపున్న మిషను, అదే ఫ్రంట్ లోడ్, నీళ్లు తక్కువే తాగుతుంది. పైన మూతున్న ఆటోమేటిక్ మాత్రం ఉతకడానికొకసారి, జాడించడానికి మళ్లీ మళ్లీ కొత్త నీళ్లు నింపుకుని వాడిన నీళ్లు మోరీలోకి వదిలేస్తుంది. నా సెమీలో నీళ్లు నా చేతిలో ఉంటాయి. ముందు తెల్లవి, బడి చొక్కాలు. అవి తీసి అవే సబ్బునీళ్లలో లేత రంగువి. తర్వాత ముదురువి. ఆఖరుకు కాళ్లు తుడిచే పట్టలు, మసిగుడ్డలు. ఒక టబ్బెడు సబ్బునీళ్లు నాలుగు విడతలు పనిచేస్తాయి. జాడించిన నీళ్లు బకెట్లో పట్టి వాకిలి కడుగుతాను. మా అబ్బాయి మెచ్చే మిషను తెలివి ఎంతదైనా, రెండో విడత కోసం నీళ్లు దాచిపెట్టే తెలివి దానికి లేదు.

ఇంకొకటి. ఆటోమేటిక్‌కు నల్లా ధార గట్టిగా ఉండాలి. ధార సన్నగా ఉంటే కూచుని కీచుకీచుమంటుంది. కృష్ణ ఒక పక్క, తుంగభద్ర ఒక పక్క, మధ్యలో నడిగడ్డ అని పేరు మనది. జూరాల డ్యాము పక్కనే. అయినా ఇంటి పైన ట్యాంకు చిన్నదైతే, నల్లా వచ్చిన గంటలో డ్రమ్ములు నింపుకునే ఇల్లయితే, బకెట్టుతో నీళ్లు పోయగలిగే మిషనే దిక్కు. పైన మూతున్నదాంట్లో బకెట్టుతో పోస్తున్న ఆటోమేటిక్‌లు నేను చూశాను. అంత డబ్బు పెట్టి కొన్నాక మళ్లీ బకెట్టు మోసుడే.

పిండే విషయం చాలామందికి తెలియదు. సెమీలో పిండే టబ్బు చిన్నది, కాబట్టి గట్టిగా తిరుగుతుంది. నిమిషానికి 1300 చుట్లు, ఆపైన కూడా. పైన మూతున్న ఆటోమేటిక్‌లలో చాలావరకు 700 దరిదాపే. వానాకాలంలో దండెం మీద వేసిన బట్ట ముక్కవాసన రాకముందే ఆరాలంటే ఏది కావాలో మీరే చెప్పండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. "పాత మిషను సరిగ్గా ఉతకదు, బట్టలు మాసినట్టే ఉంటాయి" అంటారు. ఉతకనిది మిషను కాదు. మన నీళ్లూ, మనం వేసే పౌడరూ, వేసే తీరూ. ఇది కొత్త మిషను కొన్నా మారదు.

మన బోరు నీళ్లతో పప్పు తొందరగా ఉడకదని, గిన్నెల అడుగున తెల్లటి పెళ్ల కడుతుందని అందరికీ తెలుసు. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. బడిలో కఠినజలం అని చదివాం కదా, అదే. మామూలు సబ్బు వాటితో కలిస్తే నురగ రాదు, తెట్టె కడుతుంది. ఆ తెట్టే బట్టకు పట్టి తెల్లటి చొక్కా బూడిద రంగుకు తిరుగుతుంది. మన పెద్దవాళ్లు తలకు సబ్బు పెట్టకుండా కుంకుడుకాయ వాడిందీ, బట్టలుతికేవాళ్లు చౌడు మన్ను కలిపిన నీళ్లలో నానబెట్టి బానల్లో ఆవిరి పట్టించిందీ, ఇట్లాంటి నీళ్లతో వేగినందుకే.

తర్వాత పౌడర్లు వచ్చాయి. సర్ఫ్ మన దేశంలోకి 1959లో వచ్చింది. మన నాలుక మీద అది ఎంత పాతుకుపోయిందంటే, ఏ కంపెనీదైనా మనకు సర్ఫే, "అర్ధకిలో సర్ఫియ్యి" అంటే కొట్టాయన ఏదో ఒకటి ఇస్తాడు. 1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ ఇంటి వెనక పౌడర్ కలిపి సైకిల్ మీద అమ్మడం మొదలుపెట్టాడు. దానికి కూతురు నిరుపమ పేరు మీద నిర్మా అని పెట్టాడు. సర్ఫ్ ధరలో మూడో వంతు కూడా లేదు ధర. పెద్ద కంపెనీ కొంపలంటుకున్నాయి. అప్పుడే 1980లలో టీవీలోకి లలితాజీ వచ్చింది. కూరగాయలు బేరమాడి కొనే గట్టి ఇల్లాలు, చవకదానికి, మంచిదానికి తేడా ఉందని చెప్పింది. ఆ వేషం వేసిన కవితా చౌదరి అంతకంటే గొప్ప పని "ఉడాన్" సీరియల్, ఆడపిల్ల పోలీసు ఆఫీసరు కావడం మీద తీసింది. 2024లో పోయింది పాపం. నాకు ఆ ప్రకటన మీద ఒక్కటే కంప్లెయింటు. ఆడదాని తెలివి అంతా ఏ పౌడర్ కొనాలన్న దగ్గర ఆగిపోవాలా?

ఈ ప్రకటనలన్నీ కలిసి మనకు నేర్పిన పెద్ద అబద్ధం నురగ. టబ్బు పొంగి పొర్లితే శుభ్రమైనట్టు. నురగ అంటే గాలి బుడగలు. మురికి తీసేది నీళ్లలో కరిగిన మందు. దాని ఒక కొస నీళ్లను పట్టుకుంటే రెండో కొస జిడ్డును పట్టుకుంటుంది, అట్లా జిడ్డు బట్టను వదిలి వస్తుంది. బుడగకు ఇందులో పని లేదు. మిషన్లో అయితే ఎక్కువ నురగ అడ్డం కూడా. బట్టకు బట్టకు మధ్య మెత్తటి పరుపులాగ నిలబడి ఒరుసుకోనివ్వదు. అందుకే మాటిక్ అని అమ్మే పౌడర్లలో, ముఖ్యంగా ఫ్రంట్ లోడ్‌వాటిలో, నురగ తగ్గించి కలుపుతారు. చేత్తో ఉతికే చవక పౌడర్ తీసుకుపోయి అందులో వేస్తే లోపలంతా నురగ నిండి మిషను ఆగిపోతుంది.

మన గట్టి నీళ్లలో నురగ తొందరగా కూచుంటుంది. కూచోగానే ఇంకో గుప్పెడు వేస్తారు. చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. వేసిన పౌడర్ అంతా ఎక్కడికి పోవాలి? జాడించేది ఒకసారో రెండుసార్లో. మిగిలింది బట్టలోనే ఎండి, నల్ల ప్యాంట్ల మీద తెల్లటి చారలై, తువ్వాలు అట్టలాగ బిరుసెక్కి, చంటిపిల్లల మెడ దగ్గర దురదై బయటపడుతుంది. మీ ఇంట్లో చూసుకోవాలంటే ఉతికి ఆరిన తువ్వాలొకటి తీసుకుని గోరువెచ్చటి నీళ్లలో వేసి బాగా కలపండి. పౌడర్ వేయకుండానే నురగ తేలితే అది పాత పౌడరే. తప్పు మిషను నెత్తిన వేస్తారు గానీ ముంతల కొద్దీ పౌడర్ తాగిన తువ్వాలు చెప్తుంది అసలు కథ.

మా టబ్బు నిండా బట్టలకు నేను వేసేది చిన్న టీ గ్లాసులో సగం. మాసిన నూలు బట్టలైతే ముందు ఒక చెంచా బట్టల సోడా నీళ్లలో కలిపి అయిదు నిమిషాలాగి, తర్వాత పౌడర్ వేస్తాను. సోడా ఆ కాల్షియం సంగతి చూసుకుంటుంది, పౌడర్ మురికి సంగతి చూసుకుంటుంది. పావుగంట తిప్పి, ఆపి, అరగంట అట్లాగే నానబెట్టి, మళ్లీ అయిదు నిమిషాలు. ఈ ఆపడం, నానబెట్టడం నా ఇష్టం. ఏ బటనూ అడగక్కర్లేదు.

ఇంకా ప్యాకెట్ లోపల ఏముందో కూడా తెలుసుకోండి. బరువు కోసం ఉప్పు జాతి పొడులు కలుపుతారు, అవి మురికి తీయవు. బట్ట తెల్లగా కనబడటానికి ఒక రంగు మందు కలుపుతారు. అది బట్ట మీదే ఉండిపోయి ఎండ తగిలితే నీలం మెరుపు ఇస్తుంది. మన నీలిమందు చేసే పనే, కాస్త చదువుకున్న నీలిమందు. తెలుపు పెరిగితే మురికి పోయిందని కాదు. ఖరీదైన వాటిలో ఎంజైములుంటాయి. రక్తం, పాలు, గుడ్డు, పప్పు మరకల్ని విరగ్గొడతాయి. అవి నిజంగా పనిచేస్తాయి, కాదనను.

అయితే ఆ ఎంజైముల సంగతిలోనే మన ఊరి వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. పట్టు అంటే పురుగు నోటి నుంచి వచ్చిన ప్రోటీనే. పప్పు మరకను కొరికే ఎంజైముకు పట్టు దారం కూడా తిండిలాగే కనబడుతుంది. గద్వాల చీరంటే ఒళ్లు నూలు, అంచులూ కొంగూ పట్టు, మీద జరీ. రెండు జాతుల దారాన్ని మగ్గం మీద కుపాడంతో ముడివేస్తారు. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏరువాడ జోడు పంచెలు నేసి పంపే ఊరు మనది. ఆ నేత ఎట్లా ఉంటుందో మనకు వేరేవాళ్లు చెప్పక్కర్లేదు. అట్లాంటి చీరను "డెలికేట్ మోడ్ ఉంది కదా ఆంటీ" అని మిషన్లో వేసిన కొత్తకోడళ్లున్నారు. నూలు ఒక తీరు ముడుచుకుంటుంది, పట్టు ఇంకో తీరు. కలిపిన చోట చీర లాక్కుపోయి అలలు తేలుతుంది. అంచు రంగు ఒంట్లోకి దిగుతుంది. ఆ మోడ్ పేరు పెట్టినవాళ్లకు కుపాడం చీర తెలుసా? నా పాత మిషనులోనూ అది వేయను. ఏ మిషన్లోనూ వేయకూడదు. రెండు మూడుసార్లు కట్టాక నీడన ఆరేసి మడత మార్చడం, తప్పదంటే తెలిసినచోట డ్రైవాష్, ఇంతే. ఇన్ని మోడ్లున్న మిషను వచ్చినా చీర సంగతి మన చేతులే చూసుకోవాలంటే, ఆ మోడ్ల కోసం అన్ని వేలు ఎందుకు పోయాలి?

మోరీలోకి పోయే నీళ్ల మాట కూడా ఒక్క ముక్క. హైదరాబాదు కూకట్‌పల్లి పక్కన ధరణినగర్‌లో గట్టి వాన పడితే నాలా పొంగి వీధుల్లోకి తెల్లటి నురగ గుట్టలు గుట్టలుగా వస్తుంది. బెంగుళూరు బెల్లందూరు చెరువు నురగ రోడ్డు మీదికి ఎగిరి వాహనాలు ఆగడం టీవీల్లో చూశాం. ఫ్యాక్టరీల పాపం అందులో ఉంది, మన టబ్బుల పాపమూ ఉంది. గుప్పెడు తగ్గిస్తే ఖర్చుతో పాటు అదీ తగ్గుతుంది.

ఇక ఆఖరు కారణం. అందరూ దీన్నే బ్రహ్మాస్త్రం లాగ వదులుతారు. "నీ కష్టం చూడలేకే చెప్తున్నాం" అని. దీనికి నేను ఊరికే తలూపి ఊరుకోలేను.

హాన్స్ రోస్లింగ్ అని స్వీడన్ డాక్టరు ఒకాయన 2010లో వాషింగ్ మిషను మీద ఒక ఉపన్యాసం ఇచ్చాడు, ఇంటర్నెట్‌లో ఉంది, చూడండి. వాళ్లమ్మ మొదటి మిషను కొన్నరోజు నాయనమ్మ కూడా వచ్చి కూచుని, బటన్ తనే నొక్కి, తిరుగుతున్నంతసేపూ చూసిందట. ఆ మిగిలిన టైములో వాళ్లమ్మ లైబ్రరీకి తీసుకుపోయి పుస్తకాలు చదివించిందట. చూసి నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మిషను ఆడదానికి చేసిన మేలు నేను కాదనను. ఆ మేలు మొదటి మిషనుతోనే జరిగిపోయింది. నడుము వంచి బండ మీద బాదే పని 2003లోనే మా ఇంట్లో ఆగిపోయింది. సెమీ నుంచి ఆటోమేటిక్‌కు పోతే తగ్గేది బట్టలు ఈ టబ్బులోంచి ఆ టబ్బులోకి మార్చే పని. అది పది నిమిషాలు.

మిగతా పని ఎవరిది? ఎవరెవరి గదుల్లోంచి, తలుపుల వెనకల నుంచి బట్టలు ఏరుకురావడం, జేబుల్లో చిల్లర, బిల్లులు, పెన్నులు తీయడం, రంగులు వేరుచేయడం, కాలర్ రుద్దడం, మేడ మీదికి మోయడం, ఆరేయడం, వాన చినుకు పడితే పరిగెత్తడం, తేవడం, మడతపెట్టడం, ఎవరి అల్మరాలో వాళ్లకు సర్దడం. ఇందులో ఒక్కటైనా ఆ అద్దం తలుపు మిషను చేస్తుందా? 2019లో కేంద్రం చేసిన టైమ్ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారని, చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. పైగా అసలు చెయ్యే వేయని మగవాళ్లు ఈ 97 లెక్కలోకి రారు. రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే అమెరికా చరిత్రకారిణి 1983లోనే దీని మీద పుస్తకం రాసింది. ఇంట్లోకి మిషన్లు వచ్చిన కొద్దీ అమ్మకు పని పెరిగిందే తప్ప తగ్గలేదని. మిషను వచ్చాక రోజుకో జత మార్చడం మొదలైంది, దుప్పట్లు వారానికి మారాలి, ఇదివరకు మగవాళ్లో, పిల్లలో, బయటివాళ్లో చేసే పని కూడా "మిషనుంది కదా" అని ఆమె మీదే పడింది.

ప్రకటనలవాళ్లు ఇదీ పట్టేశారు. "మరక మంచిదే" అంటారు. మంచిదే, ఉతికేది ఎవరో అడగనంత వరకు. 2015 నుంచి ఇంకో కంపెనీ బట్టల పని మగవాళ్లూ పంచుకోవాలని కన్నీళ్లు పెట్టించే ప్రకటనలు తీస్తోంది. బాగుంటాయి. మా ఆయన కూడా చూసి బాగుందన్నాడు. తడి తువ్వాలు మంచం మీదే ఉంది అప్పుడు.

కష్టం తగ్గిస్తామని డబ్బు ఇస్తారు, చెయ్యి ఇవ్వరు. చెయ్యి ఇవ్వాల్సిన చోట వస్తువు కొనిపెట్టడం సులువు. కొన్నాక "ఇంక నీకేం పని, మిషనే ఉతుకుతుంది కదా" అనడానికి నోరు కూడా వస్తుంది. నా కోపమంతా దీని మీదే.

ఇట్లా అంటే "అయితే పాతకాలమే బాగుండె అంటావా" అని ఒకరిద్దరు కామెంటు పెడతారని తెలుసు. అనను. పాతకాలంలో మన బట్టలు ఎవరుతికారు? చాకలి ఇంటి ఆడవాళ్లు ఇంటింటికీ తిరిగి మూటలు మోసుకుపోయి, మన మైల బట్టలతో సహా ఉతికి తెచ్చి, ఏడాదికి కొలిచే నాలుగు గింజలకు, పండగ అన్నానికి గడప బయట నిలబడేవాళ్లు. ఆ ఇంట్లోంచే ఐలమ్మ వచ్చి దొరకు ఎదురు తిరిగింది. ఇప్పుడు కోఠి మహిళా యూనివర్సిటీకి ఆమె పేరే. 2021 ఏప్రిల్ నుంచి లాండ్రీలకు, ధోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితంగా ఇస్తున్నారంటే మంచిదే, చేసే పనికి రేటు చెప్పి డబ్బు తీసుకునే రోజు వచ్చింది. మిషను చేసిన పెద్ద మేలు ఏదంటే, మన మైల ఇంకొకరి చేత ఉతికించకుండా చేసింది. ఆ మేలు నా డబ్బా కూడా చేసింది.

ఆటోమేటిక్ ఎవరికీ వద్దని నేననడం లేదు. మోకాళ్లు, మణికట్లు నొప్పులున్నవాళ్లు, పొద్దున ఎనిమిదికే బస్సెక్కే టీచర్లు, నర్సులు, మంచంపట్టిన పెద్దవాళ్లున్న ఇళ్లు, ఇద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్లు తీసుకోండి, హాయిగా వాడుకోండి. మీకు కావాలని మీరనుకుంటే అదే కారణం, ఇంకెవరికీ లెక్క చెప్పక్కర్లేదు. వేడినీళ్ల ప్రోగ్రాం పెడితే హీటరు సుమారు 2000 వాట్లు లాగుతుందని, మన నీళ్లకు దాని మీద పెళ్ల కడుతుందని మాత్రం గుర్తుంచుకోండి. నడుస్తున్న పాతదాన్ని పారేస్తే అది ఎలక్ట్రానిక్ చెత్త అవుతుంది, పాత సామాన్ల బండికి వేయకుండా దాన్ని తీసుకునేచోట ఇవ్వండి.

అయితే వాడే మనిషిని అడగకుండా, ఆమె పేరు చెప్పి, పండగ ఆఫరులో పెద్ద డబ్బా తెచ్చి వసారాలో దింపుతామంటే మాత్రం మా ఇంట్లో కుదరదు. మా ముగ్గురు మగవాళ్లకు ఈసారి ఒక షరతు పెట్టాను. మిషను మార్చాలనుకునేవాళ్లు ముందు ఒక్క నెల ఈ ఇంటి బట్టలు ఈ డబ్బాలోనే ఉతకాలి. ఏరుకురావడం నుంచి అల్మరాలో సర్దేదాకా, దుప్పట్లు, మసిగుడ్డలు అన్నీ కలిపి. నెల తర్వాత కూడా మార్చాల్సిందే అంటే, నేనే ముందు చెప్పులేసుకుని షాపుకు బయల్దేరతాను.

మా అబ్బాయి సంక్రాంతికి వచ్చినప్పుడు చూద్దాంలే అమ్మా అన్నాడు. మరిది ఫోన్ పెట్టేశాడు. మా ఆయన మాత్రం నిన్న మూత తీసి, ఇందులో నీళ్లు ఎక్కడి నుంచి పోవాలి అని అడిగాడు.